అన్ని సిగ్నళ్ళూ ఎర్రగా ఉంటే

మా నాన్నతో తృప్తిగా పోట్లాడి చాలా కాలమైంది. ఈ హిందీ ఊళ్ళోనే ఆయన దయాల్‌బంద్ పేటలో ఉంటాడు, నేను మంగ్లాలో. స్కూటర్ మీద వెళ్ళగలిగే దూరమే అయినా, అమ్మ పోయిన దగ్గర్నుంచి మాకు ఫోనే ఎక్కువ.

"తిన్నావేటి?"

"తిన్నాను నాన్నా. నువ్వో?"

"అయిపోయింది. అక్కడ కరెంటుందా?"

"ఉంది."

"అచ్ఛా."

ఇంతే. ఎవరికీ దెబ్బ తగలని మాటలు.

మా ఇంట్లో మాటలు ఒకప్పుడు ఇలా ఉండేవి కావు. నాన్న రైల్వే సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం సాయంత్రాలు రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళ హాల్లో దేవుడూ నమ్మకాల మీద చర్చలు నడిపేవాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఎదుటి మనిషి వాదనను ముందు నువ్వు తిరిగి చెప్పాలి, ఆ మనిషి "అచ్ఛా, అదే" అన్నాకే నీ జవాబు మొదలుపెట్టాలి. వంకాయ కూర వండాలా వద్దా అన్న దగ్గర కూడా ఇంట్లో ఇదే నియమం. ఇంజనుకు నిమ్మకాయలు ఎందుకు కట్టాలో ఒకసారి ఒక పెద్దాయన వివరించాడు. ఆయన వాదనను ఆయనకంటే బాగా చెప్పి, ఆ తర్వాత ముక్కలు ముక్కలు చేశాను. వెనక వరసలోంచి నాన్న, "దీనికి రోజూ అన్నం పెడతన్నది నేనేనండి, నన్నేటీ అనకండి" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ మనిషే అమ్మ పోయినప్పుడు గుండు చేయించుకుని కర్మలన్నీ చేశాడు. పిండాలు ఎవరికి చేరతాయో చెప్పమని జీవితమంతా అందరినీ నిలదీసినవాడు. ఆయన కర్మకు కూర్చున్న పీట దగ్గరకు నేను వెళ్ళలేదు. బంధువులందరి ముందూ కారణం అడిగాను. అది ఈరోజు జరిగినా అలాగే అడుగుతాను. ఆయన మాత్రం నా ప్రశ్నను తిరిగి చెప్పలేదు, జవాబూ ఇవ్వలేదు. "ఇప్పుడు కాదమ్మా" అన్నాడు. ఆ "ఇప్పుడు" ఇంకా అయిపోలేదు.

నేను చేసేది కూడా సిగ్నళ్ళ పనే, కాకపోతే కాగితం మీద. ఒక వ్యవస్థను కట్టకముందే అది ఎలా నడవాలో రాస్తారు. అందులోని భద్రతా నియమాలను నేను తర్కసూత్రాలుగా మారుస్తాను. జరగగలిగిన సంఘటనల వరసలన్నిటినీ ఒక ప్రోగ్రాం వెతుకుతుంది. ఎక్కడైనా నియమం తప్పితే, ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడి అలా తప్పిందో చూపిస్తుంది. నాలుగుసార్లు నడిపి బాగానే ఉందనడం వేరు, చెడిపోయే దారే లేదని రుజువు చేయడం వేరు. ఆ రుజువులో దేవుడికీ అదృష్టానికీ కుర్చీ వేయనక్కర్లేదు. నాకు ఈ పని ఇష్టం కావడానికి సగం కారణం అదే.

ఈమధ్య ఒక బొగ్గు సైడింగు, అంటే బొగ్గు బళ్ళ కోసం వేసిన పక్క లైను, రోడ్డును దాటే చోట పెట్టబోయే గేటు నమూనా నా దగ్గరకు వచ్చింది. రైలు రోడ్డు మీద ఉన్నంతసేపూ గేటు తెరుచుకోకూడదు. గేటు మూసుకోకుండా సిగ్నల్ పచ్చబడకూడదు. ఇలాంటివన్నీ రాసి నడిపాను. అన్నీ మొదటిసారికే నెగ్గాయి. నాకు అంత సులువుగా వచ్చే గెలుపంటే అనుమానం. సిగ్నల్ ఎన్నటికీ పచ్చబడని ఒక పనికిమాలిన నమూనా తయారుచేసి అవే నియమాలతో నడిపాను. అదీ నెగ్గింది. ఎందుకు నెగ్గదు? ఏ రైలూ కదలని చోట ఏ రైలూ దేన్నీ గుద్దదు. ఏం జరగకూడదో అందరూ రాశారు. ఏం జరగాలో ఎవరూ రాయలేదు.

ఇంకో నియమం చేర్చాను: ఆగి ఉన్న రైలు ఎప్పటికైనా కదలాలి. ఈసారి అసలు నమూనాయే ఓడిపోయింది. ప్రోగ్రాం చూపించిన వరసను ఒక్కో అడుగే చదివాను. రైలు దగ్గరకు వస్తేనే గేటు మూసుకుంటుంది. సిగ్నల్ పచ్చబడితేనే రైలు దగ్గరకు వస్తుంది. గేటు మూసుకుంటేనే సిగ్నల్ పచ్చబడుతుంది. ఎవరి నియమం వాళ్ళు పాటిస్తున్నారు, ఎవరి తప్పూ లేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది.

రైలును చూడకుండానే, ముందుగా వచ్చే కబురుతోనే గేటు మూసుకునేలా మార్చాలని రాసి పంపాను. ఎవరో ఒకరు రెండోవారి కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. స్కూటర్ తాళం తీసుకుని దయాల్‌బంద్ వెళ్ళాను.

నాన్న వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"ఏటి, ఈవేళ పన్లేదేటి?"

"నీ వాదన చెప్పడానికి వచ్చాను నాన్నా."

ఆయన చెయ్యి ఆగింది. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు నమ్మవు. అమ్మ నమ్మేది. పోయింది అమ్మ కాబట్టి, నడవాల్సింది అమ్మ నమ్మకమే. అందుకే కర్మలు చేశావు. అదేనా?"

"కాదు."

"మరి?"

"సగమే సెప్పినావు. మీ అమ్మ కోసమని అందరికీ సెప్పాను గానీ..." ఒక చిక్కుడుకాయ ఈనె తీశాడు. "పొద్దున్న లేస్తే ఆ మనిషి లేదు. ఇక్కడ నీళ్ళు పోయండి, అక్కడ మెతుకులు పెట్టండి అని ఎవడో సెప్తంటే సేతులకి పని ఉండీది. మంత్రాలు నేనేటీ వినలేదు."

ఈసారి ఆయన చెప్పినదాన్నే తిరిగి చెప్పాను.

"నమ్మకం కోసం కాదు. చేతులు ఖాళీగా ఉంటే ఆ రోజులు గడవవని చేశావు."

"అచ్ఛా, అదే."

ఆ రెండు మాటల కోసం ఇన్నాళ్ళూ ఎంత ఆకలితో ఉన్నానో అవి విన్నాకే తెలిసింది. అయినా నియమం నియమమే.

"నేను ఒప్పుకోను నాన్నా. చేతులకు పనే కావాలంటే..."

"ఒప్పుకోమని ఎవడన్నాడు?" చిక్కుడుకాయల పళ్ళేన్ని సగం దాకా నా వైపు జరిపాడు. "ఒలుస్తూ సెప్పు."