మడిమ మండితే ఆగాలి

పదేళ్ల కిందట, డిసెంబరులో నన్ను బోధన్ దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఎడపల్లి వైపు చెరకు తోటల మీదుగా వెళ్లే పదకొండు వేల వోల్టుల లైనును స్తంభం స్తంభం చూసుకుంటూ కాలినడకన పోవడం మా పని. దీన్ని పెట్రోలింగ్ అంటాం. తల పైకెత్తి నడవాలి కాబట్టి పాదాల సంగతి ముందే చూసుకోవాలి. ఎండాకాలం చెమటకు పలచని నూలు మేజోళ్ల మీద మందపువి తొడిగేవాళ్లం. వానాకాలం సంచిలో పొడి జత తప్పనిసరి. నానిన చర్మం తొందరగా బొబ్బలెక్కుతుంది. చలికాలపు మంచు తడి కూడా అదే పని చేస్తుందని చాలామందికి తెలియదు.

ఆ ఉదయం నాతో వచ్చిన జూనియర్ లైన్‌మన్ ప్రభుదాస్ కొత్త బూట్లు వేసుకొచ్చాడు. పొగమంచులో పక్క స్తంభం కూడా సరిగా కనపడడం లేదు. కొంత దూరం పోయాక అతను కుంటడం మొదలుపెట్టాడు. అప్పుడే చెరకులో ఎండాకులు నలిగే చప్పుడు వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చినట్టు. అచ్చం అతని నడకే. మేం ఆగితే అదీ ఆగింది.

"సార్, ఎవలో మన ఎంబడి వస్తున్నరు," అన్నాడు మెల్లగా. కేకేశాను. బదులు రాలేదు.

మడిమ ఎట్లుందని అడిగాను.

"మండుతున్నది. జల్ది పోదాం సార్, ఈడ ఉండొద్దు."

నాకూ పోవాలనే ఉంది. కానీ మంట పుట్టగానే ఆగి పట్టీ వేయకపోతే బొబ్బ లేస్తుంది, మనిషి కొన్నాళ్లు నడకకు పనికిరాడు. అతన్ని కాలువ గట్టు మీద కూర్చోబెట్టి, తడి మేజోడు విప్పించి, మడిమ తుడిచాను. టేపు కోస్తుండగా ఆ కుంటి అడుగులు మళ్లీ కదిలాయి. మమ్మల్ని దాటి ముందుకు పోయాయి. ఆకులు ఊగడం చూశాం, మనిషిని చూడలేదు. కాసేపటికి ముందు నుంచి చిటపటమని శబ్దం, మంచులో నీలి వెలుగు.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించాను. ఆపినట్టు ఖాయమయ్యాకే ముందుకు పోయాం. తెగిన తీగ మేం నడవాల్సిన దారికి అడ్డంగా పడి ఉంది. చుట్టూ వెతికాం. మనిషి లేడు, పంది గానీ నక్క గానీ లేదు. తడి మట్టిలో అడుగు ముద్ర ఒక్కటీ లేదు.

"మరి పోయింది ఎవలు సార్?" అని అడిగాడు ప్రభుదాస్. నేను సబ్‌స్టేషన్‌కు మళ్లీ ఫోన్ చేసి తీగ తెగిన చోటు చెప్పాను.

రిటైరయ్యేదాకా నా జట్టులో ఎవరినీ కొత్త బూట్లతో పెట్రోలింగ్‌కు రానివ్వలేదు. కాలు మండే మనిషి నేల చూస్తూ నడుస్తాడు, తీగ చూడడు. ఆ ఉదయం ప్రభుదాస్ కళ్లు అతని బూటు మీద ఉన్నాయి, నావి చెరకు మీద. ఇద్దరిలో ఒక్కరమూ పైకి చూడలేదు.