పదకొండో మలుపు తర్వాత వంతెన

మా ఆఫీసులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ మలుపులక్కే. మాది ప్రైవేటు బస్సుల కంపెనీ. ఏ బస్సు ఏ దారిన వెళ్లాలో ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందంలో రాసి ఉండాలి. ఏ వీధిలోంచి బయటికి రావాలి, ఎక్కడ ఎడమకి తిరగాలి, ఏ వంతెన దాటాలి, అన్నీ. ఆ జాబితా రాయడమే అక్క ఉద్యోగం. నేను పక్క బల్ల మీద టైముల పట్టికలు రాసేవాణ్ణి కనుక ఆవిడ సణుగుడు పదేళ్లపాటు ఉచితంగా విన్నాను.

ఒప్పందం అంటే బయటివాళ్లకి కాగితం. డ్రైవరుకి అది గీత. గీత దాటితే జరిమానా. దాటాక ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు చిల్లిగవ్వ ఇవ్వరు. అక్క తమ్ముడు మా దగ్గరే డ్రైవరు. ఒకసారి రోడ్డు తవ్వేశారని పక్క సందులోంచి పోనిచ్చిన పాపానికి వాణ్ణి నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పటినుంచి కాగితంలో లేని సందు వంక వాడు కన్నెత్తి చూస్తే ఒట్టు.

ఇదంతా తెలుసు కనుకే, ఒప్పందం మారిన ప్రతిసారీ అక్క స్వయంగా ఆ దారంతా తిరిగేది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, మలుపు మలుపుకీ ఒక గుర్తు పెట్టుకునేది. వచ్చాక జాబితా శుభ్రంగా రాసి, కింద "స్వయంగా తిరిగి చూసి రాసినది" అని సంతకం చేసేది. చూడకుండా రాసెయ్యమని ఒకసారి మేనేజరు తొందరపెడితే, "మీరే రాసుకోండి, సంతకం కూడా మీరే పెట్టుకోండి" అని కలం ఆయన బల్ల మీద పడేసి వచ్చేసిన మనిషి.

అలాంటి మనిషి ఒక్కసారి చూడకుండా రాసింది. కొండదారి రూటు అది. పాత ఒప్పందం గడువు తీరింది, కొత్తది తేలక రెండు నెలలు అటు బస్సే లేదు. తీరా తేలాక మూడు రోజుల్లో జాబితా కావాలన్నారు. అక్కకి మోకాళ్లు వాచి మా ఆఫీసు మెట్లు ఎక్కడమే గగనంగా ఉంది, ఇక కొండేం ఎక్కుతుంది? బీరువాలోంచి పాత జాబితా తీసింది. తన దస్తూరీయే, తను ఆరుసార్లు తిరిగిన దారే. మక్కికి మక్కి దింపి సంతకం పెట్టేసింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నా పిరికితనం కూడా ఇక్కడ రాసుకోవాల్సిందే.

కొత్త ఒప్పందం మొదలైన రోజు పొద్దున్న ఎనిమిదింటికి, మా సరుకుల లారీ నడిపే పెద్దాయన టీ గ్లాసుతో గదిలోకి వచ్చాడు.

"కొండదారి బస్సు మళ్లీ వేశారటగా? క్వారీ దారినేగా పంపేది?"

"లేదు, పాత వంతెన మీదుగానే," అంది అక్క.

"అదేంటమ్మా! మొన్న వరదకి దాని నడిమి స్తంభం కుంగిపోయింది. లారీ అన్నది అటు పోవడం లేదు. మీరు చూడలేదా?"

అక్క గోడ గడియారం వైపు చూసింది. బస్సు ఏడింటికే బయల్దేరింది. నలభై మంది ప్రయాణికులు. నడిపేది తమ్ముడు. ఎనిమిదిన్నరకి వంతెన దగ్గరుంటాడు.

వాడికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఎలా ఎత్తుతాడు? నడిపేటప్పుడు ఫోను పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలన్నది కూడా ఆ దిక్కుమాలిన ఒప్పందంలోదే. మోకాళ్ల సంగతి మర్చిపోయి మేనేజరు గదిలోకి పరిగెత్తింది.

"నేను చూడలేదండీ. పాతది చూసి దింపేశాను. ఉద్యోగం తీసెయ్యండి, ఏమైనా చెయ్యండి, ముందు బస్సు ఆపించండి!"

ఆయన తిట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. కొండ కింద పోలీసులకి ఫోను చేశాడు. మనిషిని పంపుతాం, వంతెన దాకా వెళ్లాలంటే ముప్పావుగంట పడుతుందన్నారు.

ఇక మాకు మిగిలింది కంప్యూటరు తెర. బస్సులు దారి తప్పకుండా కాపలా కాయడానికి పెట్టింది. అందులో బస్సు ఒక ఎర్ర చుక్క. ఆ చుక్క బుద్ధిగా అక్క రాసిన మలుపులు ఒక్కొక్కటే తిరుగుతోంది. క్వారీ దారి చీలే చోటు వచ్చింది. "తిరగరా నాయనా, తిరుగు," అంది అక్క. చుక్క తిరగలేదు. ఒక డ్రైవరు దారి తప్పాలని మా ఆఫీసు మొక్కుకోవడం అదే మొదలు.

పదకొండో మలుపు దాటి, వంతెన ముందు చుక్క ఆగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"చూసినట్టున్నాడక్కా. వెనక్కి తిప్పేస్తాడు," అన్నాను. ఆరో నిమిషంలో చుక్క ముందుకు కదిలింది. వంతెన మొదట్లోకి వచ్చి మాయమైపోయింది.

అక్కడ సిగ్నలు ఉండదు. చుక్క అక్కడ పోయి పావుగంటకి అవతల తేలుతుందని టైములు రాసే నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి ఏం లాభం! అక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. పావుగంట దాటింది. చుక్క లేదు. మేనేజరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇరవై రెండో నిమిషంలో అవతలి ఒడ్డున ఎర్ర చుక్క కనపడింది. అక్క కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పోలీసులు వంతెన మూసేశారు. క్వారీ దారిన తిరిగి రావడానికి మేనేజరు అనుమతి పంపాడు. మధ్యాహ్నం తమ్ముడు నవ్వుతూ గదిలోకి వచ్చాడు.

"ఏంటక్కా ఇంత గొడవ? ఎవరో తలమాసినవాళ్లు వంతెనకి అడ్డంగా బండలు పెడితే దొర్లించి వెళ్లాను. కాస్త ఊగింది, అంతే."

చెప్పొద్దని మేనేజరు కళ్లతోనే సైగ చేశాడు. అక్క ఆయన వైపు చూడలేదు.

"ఈసారి నేను ఆ దారి తిరగలేదురా. ఇక్కడే కూర్చుని రాశాను."

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకున్నాడు.

"అందరూ దిగి నడిచి దాటతామన్నారక్కా," అన్నాడు. "ఒకావిడ పిల్లని చంకనేసుకుని దిగిపోయింది కూడా. మా అక్క చూసి రాసిన దారమ్మా, ఏం కాదు అని చెప్పి, నేనే మళ్లీ ఎక్కించాను."