గిటారు వణికిన చోటు

మొన్న బందరు బస్సులో పక్క కుర్రాడి ఫోన్లో ఒక గిటారు వణికింది. ఆ వణుకు నాకు తెలుసు.

చిన్నప్పుడు చిలకలపూడిలో, ఆదివారం చర్చి నుంచి రాగానే బాబాయి, ఆయన స్నేహితుడు ప్రసాదు ఇదే పాట ఉన్న ఒక విదేశీ గిటారు క్యాసెట్ పెట్టుకుని, ప్రార్థనలోలా కళ్లు మూసుకునేవారు. మధ్యలో స్వరం సాగి, వణికి, తడబడేది.

"ఇక్కడే బావా, చంపేశాడు!" అనేవాడు ప్రసాదు.

టేపు పాడైందేమో అనుకున్నాను. ఎవరూ లేనప్పుడు పెన్సిలు పెట్టి బిగించబోతే తెగిపోయింది.

"నువ్వు పట్టుకెళ్లి తెచ్చాకే తెగింది!" అని బాబాయి ప్రసాదు మీద అరుస్తుంటే, నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. ప్రసాదు మళ్లీ మా గడప తొక్కలేదు.

"పాట పాడైందా బాబూ?" అనడిగాను బస్సులో పక్క కుర్రాడిని.

"భలేవారే అంకుల్! ఆ వణుకు కోసమేగా అందరూ వినేది!"

ఆ గొప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ బాబాయీ, ఆ టేపు తెంపింది ప్రసాదు కాదు, నేను.