నల్లగా ఉన్న పేజీ

వర్తూరులో మేముండే అపార్ట్‌మెంట్ పై అంతస్తు నుంచి ఈ మధ్య రోజూ పొద్దున్నే పియానో వినిపిస్తోంది. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారు. ఒకటే పాట చక్కగా మొదలై, ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతుంది. అక్కడ పేజీ తిప్పాలని నాకు తెలుసు. కాఫీ గ్లాసు పట్టుకుని నవ్వుకుంటాను. అంతలోనే రత్నమ్మ టీచర్ గుర్తొచ్చి, ఆ నవ్వు నా మీదికే తిరుగుతుంది.

టీచర్‌ది కాడుగోడి. నర్సుగా రిటైరై, ముందుగదిలో పాత పియానో పెట్టుకుని పాఠాలు చెప్పేవారు. మా అమ్మ కూడా ఆమెతో పనిచేసిన నర్సే. ఉద్యోగంలో కుదురుకున్నాక నేను ఆమె దగ్గర చేరేనాటికి నాకు మూడు గొప్ప పాటలు వచ్చు. అంటే, మూడింటి మొదటి పేజీలు వచ్చు. ఇంటికి చుట్టాలొస్తే దర్జాగా మొదలుపెట్టి, చెయ్యి నొప్పి అని ఆపేసేవాణ్ణి. అమ్మ పాపం ప్రతిసారీ "అయిపోయిందా నాయనా?" అని అడిగి, నేను తలూపాక చప్పట్లు కొట్టేది. ఆ ప్రశ్నకు నాకు తల కొట్టేసినట్టుండేది.

మూడూ విని టీచర్, "మూడిండ్లకు వాకిళ్లు కట్టినావు. లోపలికి పోదామంటే ఒక్క గదీ లేదు గదప్పా," అన్నారు.

అప్పటికి అమ్మ రిటైర్మెంటుకు మూడు నెలలుంది. వీడ్కోలు సభ జరిగే ఆస్పత్రి హాల్లో ఒక పియానో ఉంది. ఒక్కసారైనా ఆమెకు ఒక పాట చివరిదాకా వినిపించాలని నా పట్టుదల. అందరూ నోరెళ్లబెట్టాలని మహా వేగమైన పాట ఒకటి పట్టుకెళ్లాను. టీచర్ మొదటి పేజీ చూడనేలేదు. కాగితాలు తిరగేసి, స్వరాలు చీమల్లా కిక్కిరిసిన పేజీ నా ముందు పెట్టారు.

"బాగా నల్లగా ఉండేది ఇదే. ఇది నీ చేతికొస్తే మిగతాదంతా వచ్చినట్లే. వాయించు."

రెండు వారాలు కుస్తీ పట్టాను. రాలేదు. "పాట మంచిదే. ఇప్పటికి నీది కాదు," అంటూ ఆమె వేరేది తీశారు. నెమ్మదైన పాట. అందులోని నల్లటి పేజీలో ఎడమచెయ్యి కుడిచేతి మీదుగా దాటి పై మీటలు అందుకోవాలి. "చూసేవాళ్లకు గారడీ మాదిరి ఉంటాది. నీకు రెండే మీటలు. దీన్నుంచే ఎత్తుకో," అన్నారు. నెలంతా మొదటి పేజీ ముట్టుకోనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది కానీ, చెప్పినట్టే చేశాను.

సభలో మొదటి పేజీ అయిపోయింది. పేజీ తిప్పాను. ఎదురుగా నల్లటి పేజీ. పాట మొత్తంలో నాకు బాగా తెలిసింది అదే. ఎడమచెయ్యి కుడిచేతిని దాటగానే ముందు వరుసలోని నర్సులు మెడలు సాచి చూశారు. చివరి స్వరం మోగి ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని అమ్మ వైపు చూశాను. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంత గర్వం నాకు మొదటి జీతం అందుకున్ననాడు కూడా కలగలేదు.

వెనక వరుస నుంచి టీచర్ మెల్లగా నడిచొచ్చి, "ఇప్పుడు లోపలికొచ్చి కూర్చోవచ్చప్పా," అన్నారు.

ఆమె ఇప్పుడు లేరు. ఈ రోజుకీ ఏ కొత్త పాట చేతికొచ్చినా నా వేళ్లు ముందు నల్లటి పేజీకే పోతాయి. రేపు పై అంతస్తుకెళ్లి తలుపు తడతాను. మొదటి పేజీ చాలా బాగుందని చెప్పి, ఆ పాట పుస్తకం ఒకసారి ఇమ్మని అడుగుతాను.