చుక్క ఒప్పుకున్న ఇంజను

బాపు ఇక లేరు. మా గల్లీలో ఈ కబురు ఎవరూ నోటితో చెప్పనక్కర లేకపోయింది. తెల్లవారగానే గిన్నెలు, డబ్బాలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డవాళ్లకు వెనక కొట్టంలోంచి పాలధార చప్పుడు వినపడలేదు. నాకు ఊహ తెలిశాక ఆ చప్పుడు లేని పొద్దు లేదు. నిద్రలోనే పోయారని డాక్టరు అన్నాడు. ఎప్పుడూ దేనికీ తొందరపడని మనిషి, ఈ ఒక్క పనికి ఎందుకు తొందరపడ్డారో తెలియదు.

ఆయన మా ఇంటి ఓనరు. పాతబస్తీ జహనుమాలో వాళ్లది తరతరాల పాల వ్యాపారం. ముందు ఇల్లు, వెనక గేదెల కొట్టం, పైన మా వాటా. మా నాన్న సర్కారు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ వాటాలో దిగినప్పుడు నేను చిన్నపిల్లను. వాళ్ల పిల్లలు బాపు అంటుంటే నేనూ అలాగే అన్నాను. ఆయన భార్యను పెద్దమ్మ అంటాను. ఇప్పుడు నేను నయాపూల్ దగ్గర ఒక వకీలు గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. తలలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. పిలుపులు మాత్రం మారలేదు.

ఆయన పోయిన రోజు నుంచి ఆ ఇంట్లో ఏడుపుతో పాటు ఇంకో బెంగ మొదలైంది. చుక్క పాలు ఇవ్వడం మానేసింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న నల్లటి గేదె అది. దాన్ని బాపు తప్ప ఎవరూ పిండేవాళ్లు కారు. పెద్దమ్మ కూర్చుంది, జీతగాడు కూర్చున్నాడు, తవుడులో బెల్లం కలిపి పెట్టారు. అది చేపలేదు. పాలు పొదుగులోనే బిగబట్టుకుని నిలబడింది. దూడ ఎప్పుడో పాలు మానేసింది కాబట్టి ఆ ఆశా లేదు. బాపు తమ్ముడు మంచి మనసుతోనే అన్నాడు.

"వదినె, బర్రెల అంగట్ల అమ్మేద్దాం. గిట్లనే ఉంటె పొదుగువాపు వచ్చి సస్తది."

పెద్దమ్మ ఆ గేదె మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన చేతి స్పర్శ తెలిసిన జీవాన్ని ఆయన వెనకాలే ఇంట్లోంచి పంపించడం ఆమెవల్ల అయ్యే పని కాదు. అలాగని కళ్లముందు దాన్ని బాధపడనివ్వడమూ కాదు.

చుక్క సంగతి చెప్పాలంటే నేను ఇంజను సంగతి చెప్పాలి.

బాపుకు పాల తరవాత ప్రాణం విమానాలు. రిమోటుతో ఎగరేసేవి. చిన్నప్పుడు మిద్దెల మీద పతంగులు ఎగరేశారు. తెగిన పతంగి వెనక ఆయనతో పాటు పరుగెత్తిన దోస్తు ఇప్పుడు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడుపుతున్నాడు. ఆయన్ని మేమంతా గాజుల భాయ్ అంటాం. ఇద్దరూ పతంగుల నుంచి బ్యాటరీ విమానాలకు, అక్కడి నుంచి ఇంకాస్త పెద్దవాటికి ఎదిగారు. చివరికి బాపు గడ్డి అటక మీద కూర్చుని ఒక పెద్ద విమానం కట్టడం మొదలుపెట్టారు. రెక్కలు విప్పితే, రెండు చేతులు చాపిన మనిషి కంటే ఇంకో జానెడు ఎక్కువ. దానికి నల్లరంగు వేసి, ముక్కు మీద తెల్లచుక్క పెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు, కొట్టంలోకి తొంగిచూస్తే తెలుస్తుంది.

అంత విమానానికి పెట్రోలు ఇంజను కావాలి. బంకులో దొరికే పెట్రోలులో కాస్త ఆయిలు కలిపి పోస్తే నడిచేది. బాపు ఒక సిలిండరుది చాలన్నారు, అక్కడే ఇద్దరు దోస్తులకూ లొల్లి మొదలైంది.

"ఇత్తా బడా జహాజ్, ఇత్తీసీ ఇంజన్? గింత పెద్ద విమానానికి గింత చిన్నదా? నవ్వుతరు భాయ్! రెండు సిలిండర్లది తీస్కో. దమ్ముంటది, కుదుపు గూడ తక్కువ," అన్నాడు గాజుల భాయ్.

"కుదుపు తక్కువనే. కాదన్ననా? బరువు ఎంత సూడు. ముక్కుకు బరువైతె తోకకు సీసం కట్టాలె. సీసం కడితె రెక్కకు బరువు. గా బరువు మోసేతందుకే నీ దమ్మంత పోతది."

గాజుల భాయ్ మాటల్లో ఓడిపోయే రకం కాదు. పెళ్లికూతురి తల్లి చేతికి పట్టని గాజులను పట్టించి పంపే మనిషి. ఒక ఆదివారం సాయంత్రం ఎవరి దగ్గరో అడిగి రెండు సిలిండర్ల ఇంజను పట్టుకొచ్చాడు. దాన్ని వెనక దొడ్లో ఇనుప స్టాండుకు బిగించాడు. బాపు అప్పుడే స్నానానికి వెళ్లారు. ఆయన వచ్చేసరికి చప్పుడు వినిపించి మురిపించాలని భాయ్ ఆశ. అది పాలు పిండే వేళ అన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

ఇంజను అంటుకుంది. దాని దమ్ము నిజమే, మా వాటాలో గిన్నెలు అలమార దిగాయి. గేదెలు పలుపులు తెంపుకుని ఒకటి గల్లీలోకి, ఒకటి వంటింట్లోకి పోయాయి. చుక్క వెళ్లి తులసికోట మీద పడింది. బాపు తలమీద సబ్బునురుగుతో, నడుముకు తువ్వాలుతో బయటికి వచ్చారు. నేను పైనుంచి చూసి నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. ఆ పూట ఒక్క గేదె చేపలేదు. గల్లీ అంతా నల్ల టీ తాగింది. మరునాడు గిన్నెలతో వచ్చిన ఆడవాళ్లందరూ భాయ్ పేరు ఎత్తి మరీ దీవించారు.

బాపు మాత్రం ఆ సాయంత్రం గేదెలన్నిటినీ కట్టేసి, నురుగు కడుక్కుని, భాయ్ పక్కన కూర్చున్నారు.

"ఇంజను మంచిదే. కని మా బర్రెలకు నచ్చలె. ఇంటోళ్లకు నచ్చని కోడల్ని తెస్తమా?"

ఆ తరవాత ఒకాయన ఒక సిలిండరు ఇంజను అమ్ముతున్నాడని తెలిసి ముగ్గురం వెళ్లాం. ఆదివారాలు నాకు పనిలేదు. పైగా ఇంజను నడిపేటప్పుడు విమానం తోక పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఉద్యోగం బాపు నాకిచ్చారు. అమ్మకందారు మమ్మల్ని చూడగానే ప్రొపెల్లర్‌ను ఒక్కసారి తిప్పాడు, ఇంజను ఠక్కున అంటుకుంది. భాయ్ శభాష్ అన్నాడు. ఇంజను ఆపించి, బాపు దాని ఒంటిమీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీశారు. ఒక్కసారి అంటించి ఆపితే అంత వేడెక్కదు.

"ముందుగాల్నే నడిపి పెట్టినవ్ ఏంది అన్నా?" అన్నారు నవ్వుతూ.

బాపు కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని చాయ్ అడిగారు.

"సల్లారనియ్యి. మాకేం తొందర లేదు."

గేదెల బేరంలోనూ ఇంతేనని తిరుగుదారిలో చెప్పారు. అమ్మేవాళ్లు ఒక పూట పిండకుండా ఆపి తోలుకొస్తారట. పొదుగు కుండలా కనిపిస్తుంది. అందుకే వాళ్ల ఇంట్లో ఒక ఆచారం. పొద్దుటిపూట, మాపటిపూట తామే పిండి చూసుకుని గానీ పలుపు పట్టుకోరు. ఆ ఇంజనును కూడా ఆయన చల్లబడ్డాక ఒకసారి తిప్పి చూశారు. మరునాడు పొద్దున వెళ్లి రాత్రంతా చలిలో ఉన్నదాన్ని మళ్లీ తిప్పి చూశారు. అప్పుడే సరేనన్నారు.

కొన్నాక కూడా పరీక్ష అయిపోలేదు. "ఇంకేం చూస్తారండీ, తెచ్చేశారుగా?" అన్నాను.

"బిడ్డా, ఉరికేదాన్ని ఎవడన్న కొంటడు. మెల్లగ నడిచేదాన్ని ఎంచుకోవాలె. జహాజ్ లేశేటప్పుడు ఇంజన్ ఎట్లనన్న ఉరుకుతది. దిగేటప్పుడు స్లోల పెడ్తం గద, గప్పుడు గుటుక్కుమని ఆగిపోయిందనుకో, రెండేండ్ల కష్టం మట్టిల కలుస్తది. స్లోల ఎంతసేపు ఆగకుంట నిలవడ్తదో గదే దాని గుణం."

ఆ గుణం కొలవడానికి ఆయనకు గడియారం అక్కర లేకపోయింది. కొత్త ఇంజనును చాలా రోజులు మెల్లగా నడిపి మచ్చిక చేయాలి. రోజూ రెండు పూటలా దొడ్డి చివర, గోడవారన, వల కట్టిన స్టాండు మీద దాన్ని అంటించి స్లోలో పెట్టేవారు. చేతులు కడుక్కుని వచ్చి చుక్క దగ్గర కూర్చునేవారు. చుక్క పాలు పిండడం అయ్యేదాకా ఇంజను ఆగకూడదు. అదీ పరీక్ష. మొదట్లో సగం చెంబు కాకముందే ఆగేది. లేచి వెళ్లి చిన్న స్క్రూడ్రైవరుతో ఒక పిసరు తిప్పి మళ్లీ వచ్చేవారు. చుక్క మొదట్లో చెవులు నిక్కబొడిచి తోక విసిరింది. తరవాత ఒకరోజు కళ్లు సగం మూసి నెమరువేసుకుంటూ నిలబడింది. ఆ రోజే బాపు మేడమీదికి కేకవేశారు.

"బిడ్డా! చుక్క ఒప్పుకున్నది!"

అప్పటి నుంచి ఆ ఇంజను చప్పుడే మాకు అలారం. పెద్దమ్మ రోజూ తిట్టేది. "దేవుని పాట వినేటోళ్లను సూసిన, ఇంజన్ పాట వినుకుంట పాలు పిండేటోన్ని నిన్నే సూసిన" అనేది. చప్పుడు ఆలస్యమైతే మాత్రం ముందు బయటికి వచ్చి చూసేది ఆవిడే.

విమానం ఎగిరింది. ఊరి అవతల క్లబ్బు వాళ్ల మైదానంలో, ఒక ఆదివారం పొద్దున. నేను తోక వదిలాను. నల్లటి రెక్కలు నేలను వదిలి, వంపు తిరిగి ఎండలో మెరిశాయి. అందరూ పైకి చూస్తున్నారు. బాపు చూపు పైనే ఉంది, ధ్యాసంతా చప్పుడు మీద ఉంది. దిగేటప్పుడు స్లోలో పెట్టారు. గాలి ఎదురు కొట్టింది, రెక్క ఒకసారి ఊగింది. ఇంజను ఆగలేదు. కాస్త గొంతు పెంచి, మళ్లీ తగ్గించింది. విమానం గడ్డి మీద కాలు పెట్టింది. గాజుల భాయ్ కళ్లు తుడుచుకుంటూ, "సరే, నీ బర్రెకే అకల్ ఉంది, నాకే బుద్ధి లేదు" అని ఓటమి ఒప్పుకున్నాడు. బాపు అంత గట్టిగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద మాటలు రావు. చల్లగా ఉన్నప్పుడు చూడమన్నారు. మెల్లగా ఉన్నప్పుడు వినమన్నారు. మనుషుల్ని కూడా అలాగే చూశారనుకుంటాను. మా నాన్న కోపిష్టి అని గల్లీ అంతా దూరంగా ఉన్న రోజుల్లో, రోజూ సాయంత్రం ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నది బాపు ఒక్కరే. ఆ రుణం నాకు ఎప్పుడూ గుర్తే.

మళ్లీ చుక్క దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం బాపు తమ్ముడు మరునాటి అంగడికి బండి మాట్లాడి వచ్చాడు. గాజుల భాయ్ దుకాణం కట్టేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ చెంబు పట్టుకుని ఇంకోసారి కొట్టంలోకి వెళ్లింది. కాసేపటికి ఖాళీ చెంబుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె చూపు దొడ్డి చివర స్టాండు మీద ఉంది. మైదానం నుంచి వచ్చాక బాపు ఇంజనును విప్పి మళ్లీ అక్కడే బిగించారు, పరీక్ష అయిపోయినా ఆ అలవాటు మానలేదు.

"బిడ్డా," అంది నాతో, "ఆయన గిది పెట్టినంకనే గద కూసునేది."

మాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. భాయ్ లేచాడు. నేను పెట్రోలు పోశాను. మొదటిసారి తిప్పితే అంటుకోలేదు. భాయ్ ప్రొపెల్లర్ మీద చెయ్యి వేశాడు. "చలో మేరే భాయ్" అని ఆయన పలికింది ఇంజనుతోనో, దోస్తుతోనో. మళ్లీ తిప్పాడు. అంటుకుంది. నేను స్లోలో పెట్టాను. బాపు సరిచేసి ఉంచిన స్క్రూ జోలికి నేను పోలేదు.

చుక్క చెవులు అటు తిరిగాయి. తల ఎత్తి గోడవైపు చూసింది. పెద్దమ్మ మెల్లగా కూర్చుని పొదుగు మీద నీళ్లు చల్లి చెయ్యి వేసింది. ఆయన కూర్చునే చోటే, ఆయన కూర్చునే వైపే. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఖాళీ చెంబు అడుగున ధార ఠంగుమంది. ఇంకొకటి. పెద్దమ్మ నుదురు చుక్క పక్కకు ఆనించి పిండుతూనే ఏడ్చింది. ఆయన పోయిన రోజు నుంచి ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను. బాపు తమ్ముడు ఫోను తీసి బండి వద్దని చెప్పాడు.

చెంబు నిండింది. ఇంజను మాత్రం ఎవరూ ఆపలేదు, ఆపే మనసు ఎవరికీ రాలేదు. అది దానంతట అదే పెట్రోలు అయిపోయేదాకా నడిచి, ఒకసారి దగ్గి, నిలిచిపోయింది. బాపు చెంబు పట్టుకుని లేచి వెళ్లి ఆపితేనే కదా ఆ చప్పుడు ఆగేది. చుక్క తల తిప్పి, వెనకాల ఆయన ఉన్నారేమోనని చూస్తూ నిలబడింది.