గుడివాడ ప్రమోషన్

రికార్డు ప్రకారం చూస్తే నాంచారయ్య జీవితంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అరవై ఎనిమిదిలో అవనిగడ్డ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. రెండువేల మూడు జూన్ నెలాఖరుకి కోడూరు మండలాఫీసులో గుమాస్తాగానే దిగిపోతున్నాడు. మధ్యలో దివిసీమ దాటి ఉద్యోగం చేసిందే లేదు. అలాంటి మనిషిని చూసి కూడా ఎవరైనా ఏడుస్తారా అంటే, ఏడ్చినవాడు ఒకడున్నాడు. అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు భూషణం.

ఏడవడానికి భూషణానికి కారణాలు బోలెడు. పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు అతని పెద్ద బల్ల దాటుకుని వెళ్లి, కిటికీ పక్కన కూర్చునే నాంచారయ్య దగ్గరే ఆగేవాడు. "బాబాయ్, కాస్త చూసిపెట్టు" అని చనువుగా అడిగేవాడు. భూషణం ఎదురైతే మాత్రం "నమస్కారమండీ సార్" అని పక్కకి తప్పుకునేవాడు. మధ్యాహ్నం నాంచారయ్య క్యారియర్ విప్పితే అతని భార్య హైమావతమ్మ వండిన చింతచిగురు రొయ్యల వాసన గదంతా తిరిగేది. భూషణానికి ఒళ్లు మండిపోయేది. అంత చిన్న ఉద్యోగానికి అంత హాయి ఏమిటండీ అసలు?

ఆ మంట మీద నీళ్లు చల్లుకోవడానికి అతని దగ్గర ఒకే ఒక్క సంగతి ఉంది. తొంభై రెండులో ప్రమోషన్ల ఉత్తర్వు వచ్చినప్పుడు, సీనియారిటీలో పైనున్న నాంచారయ్య పేరు అందులో లేదు. కిందనున్న భూషణం పేరు ఉంది. ఏదో మెమో తిని ఉంటాడు, లేకపోతే ఎందుకు వదిలేస్తారని భూషణం తీర్మానించేసుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే ఆ తీపి తగ్గిపోతుందేమోనని భయం. వెంటనే బందరు వెళ్లి లడ్డూలు తెచ్చి, మొదటిది నాంచారయ్య చేతిలోనే పెట్టాడు. మొహం మాడ్చుకుంటాడేమోనని ఆశగా చూస్తే, ఆ మహానుభావుడు అది తినేసి ఇంకోటి అడిగి తీసుకున్నాడు.

తర్వాత గుడివాడలో పదేళ్లు. అద్దెగదిలో ఒక్కడే వండుకోవడం, శనివారం బస్సు పట్టుకుని కోడూరు రావడం, సోమవారం తెల్లారకుండానే మళ్లీ బయల్దేరడం. పిల్లలు అతన్ని చుట్టంలా చూస్తూ పెరిగారు. "ఆ ప్రమోషన్ లేకపోతే మనకి గడవదా ఏంటండీ?" అని భార్య వీరలక్ష్మి విసుక్కుంటే, "నాంచారయ్యలాగా గుమాస్తాగా పడుండమంటావా?" అనేవాడు. ఆ ఒక్క మాటతో ప్రయాణం బడలికంతా తీరిపోయేది. చివరికి అదే హోదాలో కోడూరుకి బదిలీ చేయించుకుని వచ్చి, ఆ పెద్ద బల్ల వెనక కూర్చున్నాడు.

ఇప్పుడు నాంచారయ్య రిటైరవుతున్నాడు. ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. దిగిపోయే మనిషికి శాలువాతో పాటు అద్దం కట్టించిన సన్మానపత్రం ఇవ్వాలి, దాన్ని సభలో ఒకరు నిలబడి చదవాలి. గ్రాంథికంలో పొగడటం భూషణానికే వచ్చు కనుక ఆ పని అతని నెత్తిన పెట్టారు. పైకి వద్దు వద్దంటూనే లోపల ఎగిరి గంతేశాడు. పొగడ్తల మధ్య ఒక్క వాక్యం ఇరికిస్తే చాలు. 'ఉన్నత పదవి దక్కకున్ననూ చింతింపని మీ సహనము మాకు ఆదర్శము.' హైమావతమ్మ వినాలి. రైతులు వినాలి. వాళ్ల బాబాయికి దక్కనిది ఎవరికి దక్కిందో అందరికీ గుర్తు రావాలి.

వాక్యం రాసేశాక, ఆ మెమో ఏదో కళ్లారా చూసుకుందామనిపించింది. పెన్షన్ కాగితాలు పంపేదీ తనే కనుక నాంచారయ్య సర్వీసు రిజిస్టరు బల్లమీదే ఉంది. తీరిగ్గా తెరిచాడు. మొదటి పేజీలో వేలిముద్రలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. డెబ్బై ఏడు ఉప్పెనకి ముందరి పేజీలన్నిటికీ అంచుల్లో ఉప్పునీటి మరక. ఆ తర్వాత నెలల తరబడి సహాయ శిబిరాల డ్యూటీ. పెళ్లికి సెలవు, కూతురు సుమతి పుట్టినప్పుడు సెలవు, తొంభైలో తుపానుకి మళ్లీ డ్యూటీ. ఏటా ఓ ఇంక్రిమెంటు. మెమో మాత్రం ఎక్కడా లేదు. భూషణం వేలు తడిచేసుకుని గబగబా తిప్పాడు. తొంభై రెండు దగ్గర ఎర్రసిరాతో ఒక వరస కనపడింది. సీనియర్ అసిస్టెంటుగా గుడివాడకు పదోన్నతి, ఉత్తర్వుకు ముందే స్వచ్ఛందంగా వదులుకున్నారు. దానికి గుండుసూదితో గుచ్చి నాంచారయ్య రాసిచ్చిన అర్జీ ఉంది.

'అయ్యా, నాకు ఇక్కడ బాగానే ఉన్నది. కావున సదరు పదోన్నతి అక్కరలేదని మనవి.'

అంతే. తల్లికి జబ్బని లేదు, పిల్లల చదువులని లేదు. బాగానే ఉందట! భూషణానికి అరికాలి మంట నెత్తికెక్కింది. జబ్బో గిబ్బో రాసి ఉంటే క్షమించేవాడు. గుడివాడ గదిలో కిరసనాయిలు స్టవ్వు ముందు చతికిలబడి, నాంచారయ్య మీద గెలిచానని ఎన్నిసార్లు మురిసిపోయాడో. ఆ మనిషి అసలు పోటీకే రాలేదు. అతను వద్దని వదిలేసింది తెచ్చుకుని ఊళ్లో లడ్డూలు పంచాడు తను.

ఇప్పుడు ఆ వాక్యం చదివితే, సంగతి తెలిసినవాడు సభలో ఒక్కడున్నా నవ్వులపాలయ్యేది తనే. కొట్టేశాడు.

సభ రోజున ఆఫీసు ముందు షామియానా వేశారు. కుర్చీలు చాలక రైతులు గోడవారగా నిలబడ్డారు. భూషణం గొంతు సవరించుకుని సన్మానపత్రం చదివాడు, చప్పట్లు మోగాయి. వచ్చే ఏడాది తన వంతు. ఇంతమంది నా సభకి వస్తారా అని గోడవారనున్న తలలు లెక్కపెట్టుకున్నాడు.

అంతా అయ్యాక నాంచారయ్య శాలువాతోనే దగ్గరికొచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా ఉంది.

"భలే రాశారండీ భూషణం గారూ. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది."

భూషణం ఉండబట్టలేకపోయాడు. "ఒక్క మాట అడుగుతానండీ. అప్పట్లో ప్రమోషన్ ఎందుకు వద్దన్నారు?"

"ఏ ప్రమోషనండీ?"

"అదే, గుడివాడ."

నాంచారయ్య కాసేపు ఆలోచించాడు. నటన కాదు, నిజంగానే ఆలోచించాడు. "ఓ, అదా. నేను మర్చేపోయానండీ" అని నవ్వి, డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి భూషణం చేతిలో పెట్టాడు. "తినండి, బందరువే. మీరు కూడా ఒకసారి పంచారు కదూ. ఎందుకు పంచారో జ్ఞాపకం లేదు గానీ, ఆ రుచి మాత్రం ఇప్పటికీ నోట్లోనే ఉందండీ."