ఎర్రగోళ్ల డాక్టరు

లాటరీలో ఏ నంబరొచ్చిందని అడుగుతారు, ఎవరి కోడి గెలిచిందని అడుగుతారు. ఎర్రగోళ్ల డాక్టరు గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారా? నోరున్నది ముద్ద పెట్టుకోడానికేనా? ప్రసోప్ అంటే మన థాయ్‌లాండ్‌లో ఖోన్‌కేన్ జిల్లా మొత్తానికీ పెద్ద డాక్టరు. గుండె దరువు తప్పితే దారిన పెట్టేవాడు. అంతటివాడికీ పది గోళ్లకీ పెళ్లికూతురి ఎరుపు!

రంగు కాస్త పెచ్చు లేచిందా, పేషెంట్ల వరస ఆగాల్సిందే.

"అమ్పాయ్! చిటికెన వేలు చూడు, ఎంత ఘోరంగా ఉందో!"

"బయట జనం గుండెలు పట్టుకుని కూర్చున్నారండీ," అనేది నర్సు అమ్పాయ్.

"వాళ్ల కోసమేనమ్మా. వెయ్యి, వెయ్యి!"

తోటి డాక్టర్లు పడీపడీ నవ్వేవాళ్లు. "జపానులో చదివొచ్చి ముండమోపి దయ్యానికి జడుస్తాడేంటయ్యా!"

ఆ దయ్యం సంగతి మన మగాళ్లకి చెప్పాలా? మొగుడు లేని దయ్యం, నిద్దట్లో ఉన్న కుర్రాణ్ణి ఎత్తుకుపోతుంది. అందుకని గోళ్లకి రంగేసి, పెళ్లాం కట్టుకునే పూల లుంగీ చుట్టుకుని పడుకుంటారు. ఆడదనుకుని అది వెళ్లిపోవాలన్నమాట. మన ఊరి బున్మా మరిది అలాగే నిద్దట్లో పోయాడు. మొగుడు ఖామ్‌సింగ్ నారుమడిలో కళ్లు తిరిగి పడేసరికి, బున్మా వాణ్ణి చొక్కా పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకొచ్చింది.

ఒంట్లో ఆక్సిజన్ చూడ్డానికి వేలికి క్లిప్పు పెట్టాలంటూ ఓ కొత్త నర్సు దూదితో వాడి గోళ్ల రంగు తుడవబోయింది. అంతే! ఖామ్‌సింగ్ చేతులు చంకల్లో దాచుకుని గేటు దాకా పరుగు.

"ఆగు, సచ్చినోడా!" అని బున్మా అరుపు.

"తుడిస్తేనే సస్తానే!"

గేటు దగ్గర బొప్పాయి పచ్చడి తింటున్న డాక్టరు, పది వేళ్లూ చాపి అడ్డం నిలబడ్డాడు. "నీ రంగు పాతబడిందోయ్. నాది చూడు, ఇందాకే వేయించా. నాకు మాత్రం బతకాలనుండదా? పద, నీ గోళ్ల జోలికొస్తే నర్సుని నేనే తంతా. క్లిప్పు చెవికి పెడదాం."

ఖామ్‌సింగ్ ఆ గోళ్లు చూసి కిసుక్కున నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి నడిచాడు. గుండెలో కరెంటు దారి తప్పుతోందని కాగితం మీద గీతల్లో తేలింది. మెడ కింద చర్మం లోపల ఓ బుల్లి పెట్టె అమర్చారు, గుండె ఆగబోతే తన్ని లేపుతుందట. నాట్లప్పుడు తన్నింది కూడా. వాడు బురదలో బోర్లాపడి, లేస్తూనే డాక్టర్ని బండబూతులు తిట్టాడు. ఆ తిట్లు విని బున్మా గట్టు మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

తర్వాత కానుకగా ఓ కోడిని పట్టుకుని ఆసుపత్రికెళ్లి అడిగింది. "డాక్టరు గారూ, నిజంగా దయ్యం ఉందంటారా?"

"దయ్యాన్ని ఎప్పుడూ చూళ్లేదమ్మా. పారిపోయేవాణ్ణి చూశా. వెనకటికి ఒకడికి నేనే దగ్గరుండి రంగు తుడిపించా. రాత్రికల్లా మంచం దిగి ఇంటికెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ వారమే నేనూ రంగు వేయించుకున్నా." గోళ్ల మీద ఉఫ్ఫని ఊదుకున్నాడు. "కోడినక్కడ పెట్టు తల్లీ, ఇంకా ఆరలేదు."

చాలా ఏళ్లకి, ఆయన దహనానికి చుట్టుపక్కల ఊళ్ల మగాళ్లంతా ఎర్రగోళ్లతో వచ్చి దణ్ణం పెట్టారు. తలపండిన ఖామ్‌సింగ్ మాత్రం రంగు సీసా వెంట తెచ్చి, శవపేటిక మూయకముందే డాక్టరు చిటికెన వేలికి ఇంకో పూత వేశాడు.

పోయేనాటికి ఆయనకి ఎనభై మూడేళ్లు.